ఖడక్‌వాస్లాలో చివరివాడి లెక్క

ఉద్యోగ విరమణ చేసి కావలికి తిరిగి వచ్చినప్పటి నుంచి, నేషనల్ డిఫెన్స్ అకాడమీ సంగతులు కనుక్కోవడానికి మా ఇంటికి వచ్చే తల్లిదండ్రుల ప్రశ్నలు దాదాపు ఒకే వరసలో ఉంటున్నాయి. సీట్లు ఎన్ని, కటాఫ్ ఎంత, కోచింగ్ ఎక్కడ మంచిది, మధ్యలో వచ్చేస్తే డబ్బు కట్టాల్సి వస్తుందా. వీటిలో తప్పేమీ లేదు. నెల్లూరు జిల్లాలో ఇంటర్ చదివే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా చదువుల ముచ్చట ఇలాగే సాగుతుంది. అయితే సీట్లు, కటాఫ్‌లతో మొదలుపెట్టి అక్కడితోనే ముగిస్తే, ఆ మూడేళ్లలో అక్కడ పిల్లవాడికి నిజంగా ఏం జరుగుతుందన్నది తెలియకుండానే పోతుంది.

నేను 1990ల మధ్యలో, నెల్లూరులో ఒక రెసిడెన్షియల్ కళాశాల హాస్టల్లో ఇంటర్ రెండేళ్లూ పూర్తి చేసి, నేరుగా ఖడక్‌వాస్లాలోని ఆ అకాడమీకి వెళ్లినవాణ్ణి. రెండు చోట్లా గంట మోగితే లేవాలి, గంట మోగితే తినాలి, గంట మోగితే పడుకోవాలి. రెండు చోట్లా ఇంటికి వెళ్లాలంటే అనుమతి కావాలి. బయటినుంచి చూసేవారికి రెండూ ఒకే తల్లి బిడ్డల్లా కనిపిస్తాయి. లోపల మాత్రం హాస్టల్ మొదటివాణ్ణి చూసుకుని నడుస్తుంది, అకాడమీ చివరివాణ్ణి చూసుకుని నడుస్తుంది. అకాడమీలోని ఆచారాలను, అందులోనూ బయటివారికి వింతగా, మొరటుగా తోచేవాటిని, నేను ఈ తేడా ద్వారానే అర్థం చేసుకున్నాను.

ముందుగా సంస్థ గురించి కొంత చెప్పాలి. 1949 జనవరి 1న డెహ్రాడూన్‌లో జాయింట్ సర్వీసెస్ వింగ్ పేరుతో, సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడింటికీ కాబోయే అధికారులను ఒకే కప్పు కింద చదివించే ప్రయత్నం మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 6న పుణే దగ్గర ఖడక్‌వాస్లాలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1955 జనవరి 16న అకాడమీకి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. ముఖ్య భవనాన్ని సూడాన్ బ్లాక్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ దేశం తరఫున పోరాడిన భారతీయ సైనికుల జ్ఞాపకార్థం సూడాన్ ప్రభుత్వం 1941లో లక్ష పౌండ్లు బహూకరించగా, దేశ విభజన తరువాత అందులో మన వాటాగా వచ్చిన డెబ్బై వేల పౌండ్లను ఈ భవనానికి వినియోగించారు. జోధ్‌పూర్ ఎర్రరాయితో కట్టిన ఆ గుమ్మటాన్ని ఫొటోల్లో చాలామంది చూసే ఉంటారు. ఎక్కడో ఆఫ్రికాలో ప్రాణాలు అర్పించిన మన జవాన్లకు వచ్చిన సొమ్ముతో మన పిల్లల బడి లేవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

చదువు మూడేళ్లు, అంటే ఆరు టర్మ్‌లు. డిగ్రీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఇస్తుంది. ఆ తరువాత సైన్యంలోకి వెళ్లేవారు డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి, నౌకాదళం వారు ఎళిమలకు, వైమానిక దళం వారు హైదరాబాద్ దగ్గరి దుండిగల్‌కు మరికొంత శిక్షణ కోసం వెళతారు. చదువుకు, భోజనానికి, బట్టలకు అయ్యే ఖర్చు ప్రభుత్వానిదే.

ఆ రోజుల్లో కావలి నుంచి పుణే వెళ్లాలంటే గూడూరు మీదుగా రేణిగుంట చేరుకుని, మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే రైలు పట్టుకుని, గుంతకల్లు, వాడి, షోలాపూర్ దాటుకుంటూ పోవాలి. మా నాయన రేణిగుంట దాకా వచ్చి ట్రంకు పెట్టె ఎక్కించి, "అబ్బయ్యా, ఎవరితోనూ పోట్లాడబాకు" అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు. నేను పోతున్నది పోట్లాడడం నేర్చుకోవడానికేనని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అకాడమీలో అడుగుపెట్టిన రోజే జుట్టు పోతుంది, సైకిల్ వస్తుంది. జుట్టు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి సైకిల్ గురించి చెబుతాను. అకాడమీ ఏడు వేల ఎకరాలకు పైబడిన స్థలం. తరగతులకు, డ్రిల్లుకు, ఈతకొలనుకు, గుర్రపుశాలకు, మెస్సుకు మధ్య దూరాలు ఎక్కువ, నడుమ దొరికే సమయం తక్కువ. అందుకని ప్రతి క్యాడెట్‌కూ ఒక సైకిల్ ఇస్తారు. కానీ ఎవరికి వారు తొక్కుకుంటూ పోవడానికి వీల్లేదు. ఇద్దరిద్దరుగా వరస కట్టి, ముందొకడు ఆజ్ఞ ఇస్తుండగా, అందరూ ఒకే వేగంతో పోవాలి. ఎదురుగా అధికారి కనబడితే వెన్ను నిటారుగా పెట్టి, చేతులు బిగించి, తల తిప్పి గౌరవం చూపాలి, అదీ తొక్కడం ఆపకుండా. వరసలో ఒకడి సైకిల్ చైను ఊడిందనుకోండి, మిగతావాళ్లు వాణ్ణి వదిలేసి పోరు. చైను పడనంటే సైకిల్‌ను భుజానికెత్తుకుని వాడు పరుగెడతాడు, పక్కవాడు వాడి పుస్తకాల సంచి అందుకుంటాడు, వరస వేగం దానికి తగ్గట్టు మారుతుంది. ఆలస్యమైతే ఆలస్యమైనందుకు అందరూ కలిసే అనుభవిస్తారు. మొదటి టర్మ్ వారికి ఇదంతా కాక మరో నియమం ఉంది. సైకిల్ మీద లేనప్పుడు వాళ్లు నడవకూడదు, ఎక్కడికి పోయినా పరుగే. అర్ధరాత్రి స్నానాలగదికి కూడా పరుగెత్తుకుంటూ పోయే అలవాటు నాకు కొన్నాళ్లు సెలవుల్లో ఇంటిదగ్గర కూడా పోలేదు. మా అమ్మ కంగారుపడి వైద్యుణ్ణి పిలుద్దామా అని అడిగింది.

బూట్ల మెరుపు గురించి విన్నవాళ్లు అదేదో పాలిష్ మహిమ అనుకుంటారు. డ్రిల్లు బూటు మడమకు గుర్రానికి కొట్టినట్టే ఇనుప లాడం ఉంటుంది. ముందుభాగానికి అద్దంలాంటి మెరుపు రావాలంటే పాత బనీను ముక్కను చూపుడువేలికి బిగుతుగా చుట్టి, దాని మీద పాలిష్ చాలా కొద్దిగా అంటించి, ఒకటి రెండు నీటి చుక్కలు వేసి, అంగుళం మేర మాత్రమే చిన్న చిన్న వలయాలుగా రుద్దుతూ పోవాలి. నొక్కితే మసకబారుతుంది. ఎక్కువ పాలిష్ పట్టిస్తే నడుస్తుంటే పెచ్చులూడుతుంది. పొర మీద పొర ఆరనిస్తూ రుద్దితే, ఎన్నో రాత్రుల తరువాత ఒకనాటికి ట్యూబులైటు గీత అందులో వంకర లేకుండా కనిపిస్తుంది. తెల్లవారి డ్రిల్లు మైదానంలో పక్కవాడు పొరపాటున కాలు తొక్కితే అది పావు నిమిషంలో పోతుంది. అప్పుడు తిట్టుకోవడం కాకుండా, ఆ రాత్రి తొక్కినవాడూ తొక్కించుకున్నవాడూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి బూటు ఒకరు రుద్దుకోవడం మా స్క్వాడ్రన్‌లో, అంటే కలిసి ఉండే మా క్యాడెట్ల జట్టులో, ఎవరూ నేర్పకుండానే ఏర్పడ్డ పద్ధతి.

భోజనం దగ్గర నెల్లూరు పిల్లవాడి కష్టాలు వేరు. అకాడమీ మొత్తం, దాదాపు రెండు వేల మంది, ఒకే హాల్లో ఒకేసారి కూర్చుని తింటారు. పొడవాటి బల్లలు, స్క్వాడ్రన్‌కు ఒక భాగం. వెన్ను కుర్చీకి ఆనకూడదు, మోచేయి బల్లకు తగలకూడదు, ఎడమచేత ఫోర్కు, కుడిచేత కత్తి. చేపల పులుసులో అన్నం కలిపి ముద్దలు చేసుకునే చేతికి ఫోర్కు అప్పజెప్పి పప్పన్నం తినమంటే, పప్పు పళ్లెంలోకీ అన్నం ఒళ్లోకీ పోతుంది, నోటికి అందేది ఇనుము. పెట్టిన సమయంలో మొదటి రోజుల్లో సగం కడుపు కూడా నిండేది కాదు. మా బల్ల మీద నాకు ఎదురుగా మణిపూర్ కుర్రాడు ఒకడు కూర్చునేవాడు. వాడికి హిందీ అంతంతమాత్రం, నాకు అంతకన్నా తక్కువ. అన్నాన్ని కత్తి వీపుతో ఫోర్కు మీదికి ఎక్కించి, పైన కొంచెం బంగాళాదుంప అదిమి, జారకుండా నోటికి చేర్చే కిటుకు వాడు నాకు కళ్లతోనే చూపించాడు. మాకు వచ్చిన మొదటి ఉమ్మడి భాష అదే.

అక్కడి సంప్రదాయాల్లో నేను ఎక్కువసార్లు వివరించాల్సి వచ్చేది పట్టీ పరేడ్. దీన్ని శిక్ష అంటే శిక్ష, ఆట అంటే ఆట. సీనియర్ ఒకడు మొదటి టర్మ్ వాళ్లందరినీ నిలబెట్టి ఫలానా దుస్తుల్లో, ఇన్ని నిమిషాల్లో రావాలంటాడు. అందరూ గదులకు పరుగెత్తి పి.టి. బట్టల్లో వస్తారు. వెంటనే డ్రిల్లు దుస్తులు అంటాడు. ఆ తరువాత ఈత దుస్తులు, ఆపైన మెస్సుకు వేసుకునే కోటు, టై. ఇచ్చిన సమయం ఎవరికీ సరిపోదు. ఎంత చురుకైనవాడైనా బూటు తాళ్లు కట్టి, బెల్టు పెట్టి, బొత్తాలు బిగించి మెట్లు దిగేసరికి ఆలస్యమే. ఒక్కడు ఆలస్యమైనా అందరూ మళ్లీ పోవాలి. మొదటి కొన్ని రోజులు ఎవరికి వారు వేగం పెంచి చూశాం. చురుకైనవాళ్లు ముందు దిగి, మెట్ల కింద రొప్పుతూ నిలబడి, పై అంతస్తులో చిక్కుపడ్డవాణ్ణి లోలోపల తిట్టుకునేవాళ్లం. కొన్నాళ్లకు, ఎవరు మొదట అన్నారో గుర్తులేదు గానీ, అందరం ఒకే వసారాలో బట్టలు కుప్పపోసి, ఒకడు తాళ్లు కడుతుంటే ఇంకొకడు వాడి బొత్తాలు పెట్టేలా, టై కట్టడం బాగా వచ్చినవాడు వరసగా అందరి టైలూ కట్టేలా పంచుకున్నాం. ఆ రోజు సమయానికి దిగాం. సీనియర్ ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ తరువాత ఆ పరేడ్ పెట్టడం కూడా తగ్గిపోయింది.

నెల్లూరు హాస్టల్ ఎలా నడిచేదో ఇక్కడ చెప్పకపోతే పోలిక అందదు. వారానికొక పరీక్ష, సోమవారం నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ర్యాంకును బట్టి సెక్షన్, సెక్షన్‌ను బట్టి లెక్చరర్లు. మొదటి సెక్షన్‌కు వచ్చే లెక్చరర్లు చివరి సెక్షన్ గడప తొక్కేవారు కాదు. మంచి నోట్సు ఉన్నవాడు దాన్ని పరుపు కింద దాచుకునేవాడు. పక్క మంచం వాడికి జ్వరమొచ్చి పరీక్ష తప్పితే మిగిలినవారందరికీ ఒక్కో మెట్టు పైకి వచ్చే ఏర్పాటు అది. ఆ లెక్క ఎవరూ పైకి అనేవారు కాదు, అందరి మనసుల్లోనూ ఉండేది. పిల్లలు చెడ్డవాళ్లు కాదు. ఏర్పాటు అటువంటిది. న్యాయంగా చెప్పాలంటే ఇటువంటి హాస్టళ్లే సోమశిల కాలువ కింద నాలుగెకరాల సేద్యం చేసే కుటుంబాల నుంచి ఇంజినీర్లను తయారుచేశాయి. అకాడమీ ప్రవేశానికి యూపీఎస్సీ పెట్టే రాతపరీక్ష నేను గట్టెక్కింది కూడా అక్కడ రుద్ది రుద్ది నేర్పిన గణితంతోనే. కాని ఏటా మే నెల వచ్చేసరికి గోడల మీదా పత్రికల్లోనూ మొదటి పదిమంది ఫొటోలు వేసుకునే సంస్థకు, చివరి సెక్షన్‌లో కూర్చున్నవాడు ఏమయ్యాడన్న ప్రశ్న రాదు. ఫీజు మాత్రం ఇద్దరి దగ్గరా ఒకటే.

అకాడమీలో క్రాస్‌కంట్రీ పరుగు చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. స్క్వాడ్రన్ల మధ్య జరిగే పోటీలన్నింటిలో నాకు ముఖ్యమైనదిగా తోచేది అదే. కొండలు, రాళ్లబాటలు, బురద కలిసి పన్నెండు కిలోమీటర్లకు పైగా సాగే దారి. మామూలుగా ఏ కాలేజీలోనైనా పరుగుపందెం అంటే బాగా పరుగెత్తగల నలుగురైదుగురు పోతారు, మిగిలినవాళ్లు చప్పట్లు కొడతారు. ఇక్కడ అలా కుదరదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి క్యాడెట్ పరుగెత్తాలి. గమ్యం దగ్గర ఒక్కొక్కరూ చేరిన సమయాన్ని బట్టి వేర్వేరు ఎన్‌క్లోజర్లలోకి, అంటే విడివిడి ఆవరణల్లోకి, పంపుతారు, దాన్నిబట్టి స్క్వాడ్రన్‌కు పాయింట్లు. కాబట్టి ఒక స్క్వాడ్రన్‌లో అకాడమీకే మొదట వచ్చే వీరుడు ఒకడుండి, వెనక పదిమంది ఈడ్చుకుంటూ వస్తే ఆ వీరుడి వల్ల ఒరిగేదేమీ లేదు. చివరి ఎన్‌క్లోజర్‌లో పడేవాణ్ణి దానికి ముందున్నదాంట్లోకి జరపగలిగితేనే గెలిచిన స్క్వాడ్రన్‌కు ఇచ్చే బ్యానర్ దగ్గరవుతుంది.

దీని ఫలితం ఏమిటంటే, పోటీకి వారాల ముందు నుంచే స్క్వాడ్రన్‌లో అందరి దృష్టీ బలహీనుల మీద పడుతుంది. మా కోర్సులో ఒక కుర్రాడు లెక్కల్లో దిట్ట, పరుగులో మాత్రం మూడో కిలోమీటరుకే డొక్క పట్టుకునేవాడు. సీనియర్లు వాణ్ణి తెల్లవారుజామున లేపి తీసుకుపోయేవారు. వాడి బూట్ల అడుగులు చూశారు, నీళ్లు ఎప్పుడు తాగుతున్నాడో చూశారు, ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయమని నేర్పారు. పోటీనాడు మా స్క్వాడ్రన్‌లో మధ్యరకం పరుగువాళ్లు ఇద్దరు వాడికి చెరో పక్కన చేరి, ఊపిరికి సరిపడా లెక్కపెడుతూ చివరిదాకా వచ్చారు. ముందు ఎన్‌క్లోజర్ మూసే గడియకు కాస్త ముందు ముగ్గురూ గీత దాటితే, అప్పటికే వచ్చి చేరినవాళ్లు అరిచిన అరుపులు మొదటివాడికి దక్కలేదు. ఆ కుర్రాడే పరీక్షల ముందు రాత్రుల్లో మా అందరికీ భౌతికశాస్త్రం చెప్పేవాడు. అకాడమీలో చదువులో తప్పితే, డ్రిల్లులో తప్పితే, శారీరక పరీక్షల్లో తప్పితే రెలిగేషన్ ఉంటుంది, అంటే ఆ టర్మ్ మళ్లీ చేయాలి. తనతోపాటు చేరినవాళ్లు సీనియర్లయిపోతారు. ఆ మాట వింటేనే గుండె జారుతుంది. అందుకని ఎవరికి ఏది వచ్చో అది రానివాడికి చెప్పడం దయాదాక్షిణ్యం కింద కాక, రోజువారీ పనికింద జరిగిపోతుంది.

రెండో టర్మ్ నుంచి శిబిరాలు మొదలవుతాయి. గ్రీన్‌హార్న్, రోవర్, తోర్నా అని మూడు. శివాజీ గెలిచిన తొలి కోటల్లో ఒకటైన తోరణగఢ్ పేరే చివరిదానికి పెట్టారు. మ్యాపు చూసి రాత్రిపూట దారి పట్టుకోవడం, వీపున బరువుతో సహ్యాద్రి వాలులు ఎక్కడం, వానలో పడుకోవడం వంటివి ఉంటాయి. వీటి గురించి వీరగాథలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక నేను ఆగుతాను.

అకాడమీలో ఎవరూ గట్టిగా మాట్లాడని చోటు హట్ ఆఫ్ రిమెంబ్రెన్స్. తొలినాటి క్యాడెట్లు శ్రమదానంతో కట్టుకున్న చిన్న స్మారకం. ఇక్కడ చదివి, విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన అధికారుల పేర్లు అందులో ఉంటాయి. పాసవుట్ అయ్యే క్యాడెట్లు పరేడ్‌కు ముందు అక్కడికి వెళ్లి నివాళి అర్పిస్తారు. పరేడ్ మైదానానికి 1971 డిసెంబరు 16న బసంతర్ యుద్ధంలో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, మంటలంటుకున్న ట్యాంకును వదలకుండా పోరాడి అమరుడైన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ పేరు పెట్టారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో వీరమరణం పొంది, మహావీర్ చక్ర పొందిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కూడా కోరుకొండ సైనిక పాఠశాల నుంచి ఈ అకాడమీకి వచ్చినవారే. కోరుకొండకు, ఖడక్‌వాస్లాకు మధ్య ఇలా ఎందరో తెలుగు పిల్లలు నడిచిన బాట ఉంది.

పాసింగ్ అవుట్ పరేడ్ చివర, మూడేళ్లు పూర్తిచేసినవారు నెమ్మది నడకతో మైదానం దాటి క్వార్టర్‌డెక్ అనే చోటి వైపు సాగుతారు. అక్కడ ‘అంతిమ్ పగ్’ (చివరి అడుగు) అని రాసి ఉన్న గీత దాటితే క్యాడెట్ జీవితం ముగిసినట్టే. అప్పటిదాకా బొమ్మల్లా కదిలిన కుర్రాళ్లు అవతలకు పోయీ పోగానే టోపీలు ఎగరేసి, ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారు. మా నాయన ఆ పరేడ్‌కు ఖద్దరు పంచెతో వచ్చి, అంతా అయ్యాక నన్ను కాకుండా ముందు మణిపూర్ కుర్రాణ్ణి చేయి పట్టుకుని, "నువ్వేనా అబ్బయ్యా మావాడికి అన్నం తినడం నేర్పింది" అని తెలుగులోనే అడిగాడు. వాడు అర్థమైనట్టే తల ఊపాడు.

ఇదంతా చదివి, సైనిక శిక్షణలో జరిగే ప్రతి మొరటు పనినీ నేను సమర్థిస్తున్నానని అనుకోవద్దు. సంప్రదాయం అనే పేరు చాటున పిల్లలను హింసించడం ప్రపంచంలో ఏ సైనిక కళాశాల చరిత్ర తిరగేసినా కనబడుతుంది. అమెరికాలో వెస్ట్ పాయింట్‌లో చదివి మానేసిన ఆస్కర్ బూజ్ అనే కుర్రాడు 1900 డిసెంబరులో చనిపోతే, సీనియర్లు పెట్టిన బాధలే కారణమని తల్లిదండ్రులు ఆరోపించారు. 1901లో వారి పార్లమెంటు విచారణ జరిపి, అటువంటి చేష్టలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ విచారణలో సాక్ష్యం చెప్పిన క్యాడెట్ డగ్లస్ మెకార్థర్ 1919లో అదే సంస్థకు అధిపతిగా వచ్చి, కొత్తగా చేరినవారి శిక్షణను సీనియర్ విద్యార్థుల చేతుల్లోంచి తీసి అధికారులకు అప్పగించాడు. ఆయనంతటివాడు పూనుకున్నా జాడ్యం పూర్తిగా పోలేదు.

నేను పెట్టుకున్న కొలత ఒకటే. ఏ ఆచారం వల్ల బలహీనుడు నిలబడుతున్నాడో అది ఉండాలి, ఏ ఆచారం బలహీనుణ్ణి ఏరి తొక్కుతుందో అది పోవాలి. అందరూ కలిసి చేస్తే తప్ప తీరని పని పెట్టి పరుగెత్తించడం మొదటి రకం. ఒక్కణ్ణి గదిలోకి పిలిచి చేసేది ఏదైనా రెండో రకం. దానికి ఎంత పాత పేరున్నా అది నేరమే. శిక్షణలో గాయపడి, వైద్య కారణాలతో ఇంటికి పంపబడిన క్యాడెట్ల గతి ఏమిటన్న విషయాన్ని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తనంతట తానుగా విచారణకు తీసుకుంది. ఆ నెలలోనే వారికి మాజీ సైనికుల వైద్య పథకాన్ని వర్తింపజేయడానికి రక్షణ శాఖ అంగీకరించింది. చివరివాడి లెక్క అని గొప్పగా చెప్పుకునే వ్యవస్థ, వరసలోంచి పడిపోయినవాణ్ణి ఇన్నేళ్లు లెక్కలోకి తీసుకోకపోవడం మనందరికీ తలవంపులే.

ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా ఇప్పుడు మా ఇంటికి వస్తున్నారు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఆ ఏడాది నవంబరు పరీక్షకు మొదటిసారి అమ్మాయిలు కూర్చున్నారు. 2022లో చేరిన తొలి బృందం నుంచి 17 మంది 2025 మే 30న అంతిమ్ పగ్ దాటారు. టీవీలో చూస్తూ నేను చప్పట్లు కొడుతుంటే, మా ఆవిడ "మీరు చేరిన రోజుల్లో రానిచ్చి ఉంటే నేనూ పోయేదాన్ని" అంది. ఆమె పరుగు నాకు తెలుసు కాబట్టి కాదనలేకపోయాను.

మన జిల్లాల పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో కూడా చెప్పాలి. రాతపరీక్ష 900 మార్కులు, గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. మన ఎం.పి.సి. పిల్లలకు గణితం పెద్ద కష్టం కాదు. ఇంగ్లీషుకు కొంచెం కష్టపడితే చాలు. ఆ తరువాత బెంగళూరులోనో, భోపాల్‌లోనో, మైసూరులోనో అయిదు రోజులు జరిగే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు మరో 900 మార్కులు. చాలామంది ఇక్కడే వెనుదిరిగి వస్తారు. మైదానంలో పలకలు, తాళ్లు, పీపాలు ఇచ్చి, నేల తాకకుండా జట్టంతా అవతలికి చేరాలంటారు. మరో పోటీలో పాములాంటి పొడవాటి బరువైన చుట్టను జట్టంతా మోస్తూ అడ్డంకులు దాటాలి. మంచి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లవాడు తాను చకచకా దాటేసి, అవతలి గట్టున నిలబడి వెనకవాళ్ల కోసం ఎదురుచూస్తాడు. కాగితం మీద రాసుకునే అధికారికి అంతకన్నా చూడాల్సింది ఉండదు. బరువుగా ఉన్న కుర్రాడికి భుజం ఇచ్చినవాడు, తన ఆలోచన పక్కనపెట్టి ఇంకొకడి మంచి ఆలోచనను అందుకున్నవాడు అక్కడ నెగ్గుతాడు. రెండేళ్లు పక్కవాడి నోట్సు కంటబడకుండా పెరిగినవాడికి అయిదు రోజుల్లో అది ఎక్కడినుంచి వస్తుంది? దీనికి వేలకు వేలు పోసి కోచింగ్ ఇప్పించేకన్నా, ఊళ్లో కబడ్డీ జట్టులోనో, వాలీబాల్ జట్టులోనో ఆడనివ్వమని చెబుతాను. ఇంటర్ పిల్లవాణ్ణి ఆటకు పంపమంటే తండ్రులు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు.

చిన్న పిల్లలున్నవారికి సైనిక పాఠశాల దారి ఉంది. ఆరో తరగతికి, తొమ్మిదో తరగతికి ప్రవేశ పరీక్ష. కోరుకొండ పాఠశాల 1962 జనవరిలో మొదలైంది. చిత్తూరు వైపు కలికిరిలో 2014లో మరొకటి వచ్చింది. 2022లో రక్షణ శాఖ భాగస్వామ్య పద్ధతిలో ఆమోదించిన 21 కొత్త సైనిక పాఠశాలల జాబితాలో మన కృష్ణపట్నం దగ్గరి అదానీ వరల్డ్ స్కూల్ కూడా ఉంది. ఇంటర్ దాటిన, డిగ్రీ చేసినవారికి చెన్నైలో పరంగిమలై దగ్గరి ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ మనకు అన్నిటికన్నా దగ్గర. 1963 నుంచి నడుస్తోంది, 1992 నుంచి అమ్మాయిలనూ తీసుకుంటోంది.

ఇక బాండ్ సంగతి. చేరేటప్పుడు తల్లిదండ్రులు సంతకం చేయాలి, పిల్లవాడు తనంతట తాను మానేసి వస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాల్సి వస్తుంది. ఇది విని వెనకడుగు వేసేవారికి నేను చెప్పేది ఒక్కటే. మొదటి నెలలో ఇంటికి వచ్చే ఉత్తరం గానీ ఫోను గానీ తీసుకుపొమ్మనే చెబుతుంది. డ్రిల్ స్క్వేర్ టెస్ట్ అని ఒకటుంటుంది. అది పాసైతేనే మొదటి టర్మ్ వారికి ఆదివారం పుణే వెళ్లే లిబర్టీ దొరుకుతుంది. అది పాసయ్యేదాకా ఆ మాట పట్టించుకోకండి. పాసై, ఒకసారి బయటికి వెళ్లి కడుపునిండా దోసెలు తిని వచ్చాక కూడా అదే మాట అంటే అప్పుడు కూర్చుని మాట్లాడండి. అప్పటికీ వద్దంటే ఖర్చు కట్టి తెచ్చుకోండి, పిల్లవాడికన్నా ఎక్కువేం కాదు. నోటిఫికేషన్లు ఏడాదికి రెండుసార్లు వస్తాయి, పరీక్షలు సాధారణంగా ఏప్రిల్‌లోనూ సెప్టెంబరులోనూ ఉంటాయి. కావలి చుట్టుపక్కల వారెవరైనా దరఖాస్తు నింపడానికి సాయం కావాలంటే సాయంత్రం ఆరు దాటాక రావచ్చు. ఉదయం పూట మాత్రం తుమ్మలపెంట తీరాన పిల్లలతో పరుగులో ఉంటాను.